అమెరికా షట్‌డౌన్: ఖజానా తాళం, రాజ్యాంగం, జీతం రాని ఉద్యోగులు – తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో అక్టోబర్ 1 వస్తోందంటే చాలు, పత్రికల్లో షట్‌డౌన్ అనే మాట మొదలవుతుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఆర్థిక వ్యవస్థ ఉన్న దేశం తన ఉద్యోగులకు జీతాలివ్వలేక ఆఫీసులు మూసుకోవడం ఏమిటని మనవాళ్లకు ఆశ్చర్యం. డబ్బు లేక కాదు, ఖర్చుపెట్టడానికి అనుమతి లేక. ఆ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో కాస్త వివరంగా చూద్దాం.

షట్‌డౌన్ అంటే సరిగ్గా ఏమిటి?

అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలై సెప్టెంబర్ 30న ముగుస్తుంది. శాఖల రోజువారీ ఖర్చుల కోసం కాంగ్రెస్ (ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన అక్కడి పార్లమెంటు) ఏటా 12 ద్రవ్య వినిమయ బిల్లులు ఆమోదించాలి. గడువులోగా అవి చట్టం కాకపోతే, కనీసం కొన్ని వారాలకు సరిపడే తాత్కాలిక నిధుల బిల్లయినా పాస్ కాకపోతే, ఆ శాఖలకు అర్ధరాత్రి నుంచి ఖర్చుపెట్టే అధికారం పోతుంది. అప్పుడు ప్రాణాలకు, ఆస్తికి సంబంధించిన పనులు మాత్రమే నడుస్తాయి. మిగతా ఉద్యోగులను జీతం లేని సెలవు మీద ఇంటికి పంపుతారు. దీన్ని అక్కడ ఫర్లో అంటారు.

12 బిల్లుల్లో కొన్ని ముందే పాస్ అయి ఉంటే ఆ శాఖల వరకు ఇబ్బంది ఉండదు. అది పాక్షిక షట్‌డౌన్. 2018 చివర్లో జరిగింది అదే. రక్షణ శాఖకు నిధులు ఉన్నాయి, దేశ అంతర్గత భద్రత చూసే హోంలాండ్ సెక్యూరిటీ శాఖకు లేవు. దాంతో ఆ శాఖ కింద పనిచేసే కోస్ట్ గార్డ్ సిబ్బంది జీతం లేకుండా సముద్రం మీద కాపలా కాశారు.

ఇది రాజ్యాంగంలో రాసి ఉందా?

లేదు. అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం 9వ సెక్షన్‌లో ఉన్నది ఒక్క వాక్యం: చట్టం ద్వారా చేసిన కేటాయింపు ఉంటే తప్ప ఖజానా నుంచి డబ్బు తీయరాదు. అంతే. ఆఫీసులు మూయాలని గానీ, ఉద్యోగులను ఇంటికి పంపాలని గానీ, అక్టోబర్ 1 అని గానీ అందులో ఎక్కడా లేదు.

ఆ వాక్యం వెనుక ఇంగ్లండ్ అనుభవం ఉంది. పార్లమెంటును అడగకుండా డబ్బు లాగడానికి చూసిన స్టూవర్ట్ రాజులతో అక్కడివాళ్లు 17వ శతాబ్దమంతా తలపడ్డారు. ఖజానా తాళంచెవి చట్టసభ చేతిలో ఉంటేనే పాలకుడు అదుపులో ఉంటాడన్నది వాళ్లు నేర్చుకున్న పాఠం. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవాళ్లు దాన్నే తెచ్చుకున్నారు. పన్నుల బిల్లు ప్రతినిధుల సభలోనే మొదలవ్వాలన్నారు. సైన్యానికి ఒకేసారి రెండేళ్లకు మించి డబ్బు కేటాయించకూడదన్నారు. తాళం బాగానే బిగించారు. కానీ తాళంచెవి పట్టుకున్నవాళ్లలో వాళ్లకే పడకపోతే ఏం చేయాలో రాయలేదు.

రాజ్యాంగం వచ్చిన దాదాపు 200 ఏళ్ల వరకు షట్‌డౌన్లు లేవు కదా. మరి ఎలా మొదలయ్యాయి?

నా దృష్టిలో మొత్తం కథకు కీలకం ఇదే. కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

19వ శతాబ్దంలో అమెరికా ప్రభుత్వ శాఖలకు ఒక దురలవాటు ఉండేది. ఏడాదికి ఇచ్చిన డబ్బును కొన్ని నెలల్లోనే ఖర్చుచేసి, ఆపై అప్పుపెట్టి, కాంగ్రెస్ ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడేవి. పని జరిగిపోయింది, మాటిచ్చేశాం, ఇప్పుడు చెల్లించకపోతే దేశం పరువు పోతుంది అనేవి. కాంగ్రెస్ పళ్లు నూరుకుంటూ చెల్లించేది. దీన్ని కట్టడి చేయడానికి, కేటాయించినదానికి మించి ఖర్చుపెట్టకూడదని 1870లో ఒక చట్టం తెచ్చారు. 1884లో దానికి ఇంకో మెలిక కలిపారు: ప్రభుత్వం ఎవరి నుంచీ ఉచిత సేవలు కూడా తీసుకోకూడదు. ముందు ఊరికే చేసి, తర్వాత బిల్లు పెడతారన్న అనుమానం. 1905, 1906లో శిక్షలు చేర్చారు. ఇప్పటి చట్టం ప్రకారం తెలిసి ఉల్లంఘిస్తే 5,000 డాలర్ల వరకు జరిమానా, రెండేళ్ల వరకు జైలు. దీని పేరు యాంటీ డెఫిషియెన్సీ చట్టం.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా నిధుల గడువు దాటినప్పుడు ఎవరూ తలుపులు మూయలేదు. 1977లో పేద మహిళల గర్భస్రావానికి ప్రభుత్వ డబ్బు వాడొచ్చా లేదా అన్న గొడవతో ఒకే శరదృతువులో మూడుసార్లు నిధులు ఆగాయి. 1978లో 17 రోజులు ఆగాయి. అయినా ఉద్యోగులు ఆఫీసుకు వచ్చారు, పని చేశారు. కొత్త నియామకాలు, ప్రయాణాలు వాయిదా వేసి సర్దుకున్నారు. ఎలాగూ కాంగ్రెస్ డబ్బు ఇస్తుంది కదా అన్న ధీమా.

1980 ఏప్రిల్ 25న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దగ్గర అటార్నీ జనరల్‌గా ఉన్న బెంజమిన్ సివిలెట్టి ఒక న్యాయ సలహా రాశారు. చట్టంలో ఉన్న మాటలకు ఉన్న అర్థమే తీసుకుంటే, నిధులు లేనప్పుడు ఉద్యోగి చేత పని చేయించడం నేరం, కాబట్టి శాఖ మూతపడాల్సిందే అన్నారు. ఆ వెంటనే మే 1న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక రోజు మూతపడింది. ఈ సలహా వల్ల తలుపులు మూసుకున్న మొదటి సంస్థ అదే. కార్టర్ దిగిపోవడానికి నాలుగు రోజుల ముందు, 1981 జనవరి 16న, సివిలెట్టి రెండో సలహా ఇచ్చారు. మనుషుల ప్రాణాలకు, ఆస్తికి రక్షణ కల్పించే పనులు కొనసాగించవచ్చన్నారు. ఇప్పుడు మనం చూసే షట్‌డౌన్ నియమాలన్నీ ఈ రెండు పత్రాల పిల్లలే.

చాలా ఏళ్ల తర్వాత ఆయనే, తన సలహా ఇలా రాజకీయ ఆయుధంగా మారుతుందని ఊహించలేదని పత్రికలతో అన్నారు. న్యాయవాదిగా ఆయన చదివింది తప్పని నేను అనను. కానీ రాజ్యాంగ నిర్మాతల మీద వేసే నిందలో పెద్ద వాటా ఈ చట్టానికి, ఈ సలహాకు చెందాలి.

బడ్జెట్ సమయానికి ఎందుకు పాస్ కాదు?

అదేదో అరుదైన ప్రమాదం అనుకోకండి. ఇప్పటి బడ్జెట్ పద్ధతి 1974 చట్టంతో వచ్చింది. ఏడాది మొదలును జూలై 1 నుంచి అక్టోబర్ 1కి జరిపింది కూడా కాంగ్రెస్‌కు మూడు నెలలు ఎక్కువ సమయం దొరుకుతుందనే. అప్పటి నుంచి అన్ని బిల్లులూ గడువులోగా పూర్తయిన ఆర్థిక సంవత్సరాలు నాలుగే: 1977, 1989, 1995, 1997. మిగతా ఏళ్లన్నీ తాత్కాలిక బిల్లులతో నెట్టుకొచ్చినవే.

ఒకే పార్టీ చేతిలో అధ్యక్ష పదవి, రెండు సభలూ ఉన్నా ఎందుకు ఆగుతుంది?

సెనేట్‌లో ఉన్న ఫిలిబస్టర్ వల్ల, అంటే చర్చను ముగియనివ్వకుండా బిల్లును ఆపే పద్ధతి వల్ల. 100 మంది సభ్యుల సెనేట్‌లో బిల్లు పాస్ కావడానికి సాధారణ మెజారిటీ చాలు. కానీ చర్చ ముగించి ఓటింగ్‌కు వెళ్లాలంటే 60 మంది ఒప్పుకోవాలి. 2025లో రిపబ్లికన్లకు 53 మంది ఉన్నారు. అంటే డెమొక్రాట్ల వైపు నుంచి కొందరు రాకపోతే బండి కదలదు.

ఈ 60 కూడా రాజ్యాంగంలో లేదు. చర్చ ముగించే నియమాన్ని సెనేట్ 1917లో పెట్టుకుంది. 60 అన్న సంఖ్య 1975లో వచ్చింది. సెనేట్ తలచుకుంటే మార్చుకోగలదు. మార్చుకోదు, ఎందుకంటే ఇవాళ మెజారిటీలో ఉన్నవాళ్లు రేపు మైనారిటీలో కూర్చోవాల్సి వస్తుందని వాళ్లకు బాగా తెలుసు.

దీని మీద అధ్యక్షుడి వీటో ఉంటుంది. దాన్ని తోసిపుచ్చాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది కావాలి. 1995లో అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్ వాడింది ఆ వీటో ఆయుధాన్నే.

అధ్యక్షుడు తన అధికారంతో డబ్బు ఖర్చుపెట్టలేరా?

పుస్తకం ప్రకారం పెట్టలేరు. 1990లో ఒక పింఛను కేసులో సుప్రీంకోర్టు కూడా, ప్రభుత్వ అధికారి తప్పుడు సలహా ఇచ్చినా సరే, చట్టం కేటాయించని డబ్బు ఖజానా నుంచి రాదని తేల్చింది.

ఆచరణలో మాత్రం సందులు వెతికిన అధ్యక్షులు ఉన్నారు. 1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు కాంగ్రెస్ సమావేశాల్లో లేదు. అబ్రహం లింకన్ 20 లక్షల డాలర్లను కేటాయింపు లేకుండానే న్యూయార్క్‌లోని నమ్మకస్తుల చేతికి ఇప్పించి సైనిక అవసరాలు తీర్చారు. తర్వాత తానే బయటపెట్టి కాంగ్రెస్‌కు వివరణ ఇచ్చుకున్నారు. 2025 అక్టోబర్‌లో డోనాల్డ్ ట్రంప్ ప్రభుత్వం సైనికుల జీతాల కోసం రక్షణ పరిశోధనకు కేటాయించిన నిధులను మళ్లించింది. ఒక దాత ఇచ్చిన 13 కోట్ల డాలర్ల విరాళాన్ని కూడా తీసుకుంది. సైనికుడికి జీతం ఇస్తే వద్దనే రాజకీయ నాయకుడు ఎవరుంటారు? ఒక కోటీశ్వరుడి చెక్కుతో సైన్యం జీతాలు తీరడం అన్నది ఖజానా తాళం కాంగ్రెస్ చేతిలో పెట్టినవాళ్లు కలలో కూడా అనుకోని సంగతి.

ఏవి ఆగుతాయి, ఏవి నడుస్తాయి?

ముందు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఫెడరల్ ఖర్చులో ఏటా ఓటు వేయాల్సిన భాగం మూడో వంతు కూడా లేదు. వృద్ధుల పింఛన్లు, వృద్ధుల ఆరోగ్య బీమా పథకం మెడికేర్, అప్పుల మీద వడ్డీ శాశ్వత చట్టాల కింద వాటంతటవే వెళ్లిపోతాయి. పోస్టాఫీసు తన స్టాంపుల డబ్బుతో నడుస్తుంది. సైన్యం, విమానాశ్రయాల తనిఖీ సిబ్బంది, విమానాల రాకపోకలను నియంత్రించే కంట్రోలర్లు, జైళ్ల కాపలాదారులు పనిలోనే ఉంటారు, జీతం లేకుండా.

ఆగేవి చాలావరకు వెంటనే కంటికి కనిపించనివి: పరిశోధన సంస్థల పని, చిన్న వ్యాపారాల రుణాలు, గణాంకాల సేకరణ. 2025 అక్టోబర్‌లో ఇంటింటి ఉపాధి సర్వే జరగలేదు. అందువల్ల 1948 నుంచి నెలనెలా వస్తున్న నిరుద్యోగ రేటులో ఆ ఒక్క నెల అంకె శాశ్వతంగా ఖాళీగా మిగిలిపోయింది. 2013లో వాషింగ్టన్ జూలో పాండాలను చూపించే కెమెరా ఆపేశారు. పాండాలకు మేత వేయడం అత్యవసరం, వాటిని జనానికి చూపించడం కాదు!

ఏది అత్యవసరమో ఎవరు నిర్ణయిస్తారు?

అధ్యక్షుడి కింద పనిచేసే బడ్జెట్ కార్యాలయం, శాఖల అధిపతులు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

1990లో కాంగ్రెస్ ఈ మినహాయింపును బిగించింది. ఆగితే ప్రాణానికో ఆస్తికో వెంటనే ముప్పు రాని మామూలు పనులు మినహాయింపు కిందకు రావని చట్టంలో రాసింది. అయినా గీత ఎక్కడ గీయాలన్నది ఒక్కో ప్రభుత్వానికి ఒక్కోలా కనిపిస్తుంది. జాతీయ పార్కులనే చూడండి. 2013లో బరాక్ ఒబామా ప్రభుత్వం వాటికి గొలుసులు వేసింది. వాషింగ్టన్‌లోని రెండో ప్రపంచ యుద్ధ స్మారకం దగ్గర వీల్‌చెయిర్లలో వచ్చిన ముసలి సైనికులు అడ్డుకంచెలు పక్కకు నెట్టి లోపలికి వెళ్లిన ఫొటోలు దేశమంతా తిరిగాయి. 2018–19లో ట్రంప్ ప్రభుత్వం అవే పార్కులను సిబ్బంది లేకుండా తెరిచే ఉంచింది. చెత్తకుండీలు, మరుగుదొడ్లు పొంగిపొర్లాయి. కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ పార్కులో జనం దారి వదిలి వాహనాలు నడిపి, చెట్లు పాడుచేశారు. చట్టం అదే, పార్కులు అవే. మూస్తే ఎవరికి నొప్పి, తెరిస్తే ఎవరికి లాభం అన్న లెక్క మాత్రమే మారింది.

అంటే పాలకుడిని అదుపులో పెట్టడానికి వేసిన తాళం, తాళం పడ్డ రోజున పాలకుడికే ఎక్కువ విచక్షణ ఇస్తోంది. ఏ ఆఫీసు తెరవాలి, ఎవరిని ఇంటికి పంపాలి అన్నది ఆయన ఇష్టం. 2025లో ఇది ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. షట్‌డౌన్ నడుస్తుండగానే దాదాపు 4,000 మందికి ఉద్యోగాల తొలగింపు నోటీసులు ఇచ్చారు. కోర్టు అడ్డుకుంది, చివరి ఒప్పందంలో ఆ తొలగింపులను వెనక్కి తీసుకున్నారు.

ఉద్యోగులకు ఆగిన జీతం తర్వాత వస్తుందా?

2019కి ముందు ప్రతిసారీ కాంగ్రెస్ దయ మీద ఆధారపడేది, ప్రతిసారీ ఇచ్చింది కూడా. 2019 జనవరిలో దాన్ని చట్టం చేశారు: పని చేసినవారికీ, ఇంట్లో కూర్చున్నవారికీ షట్‌డౌన్ ముగిశాక పూర్తి జీతం. 2025లో బడ్జెట్ కార్యాలయం ఇంట్లో ఉన్నవారికి ఆ హామీ దానంతటదే వర్తించదన్న వాదన లేవదీసింది. చివరికి షట్‌డౌన్ ముగించిన చట్టంలో అందరికీ జీతం అని రాసుకోవాల్సి వచ్చింది.

నష్టపోయేది కాంట్రాక్టు పనివాళ్లు. ప్రభుత్వ భవనాలు ఊడ్చేవారు, మ్యూజియం క్యాంటీన్లో వంట చేసేవారు, గేటు దగ్గర కాపలా ఉండేవారు. వాళ్లు ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు కాబట్టి ఆ రోజుల కూలి పోయినట్టే. 2019 జనవరిలో జీతం ఆగిన ఫెడరల్ ఉద్యోగులు ఉచిత ఆహార పంపిణీ కేంద్రాల ముందు వరసలో నిలబడ్డ దృశ్యాలు చూసి అప్పటి వాణిజ్య మంత్రి విల్బర్ రాస్, వాళ్లు బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు కదా అన్నారు. సంపన్నుల నోట ఇలాంటి మాటలు ఎందుకొస్తాయో ఏ దేశం వాళ్లకైనా వేరే చెప్పనక్కర్లేదు.

కాంగ్రెస్ సభ్యుల జీతం ఆగదా?

ఆగదు. అధ్యక్షుడి జీతం పదవీకాలంలో పెంచకూడదు, తగ్గించకూడదు అని రాజ్యాంగం రెండో అధికరణం చెబుతుంది. ఫెడరల్ జడ్జీల జీతం తగ్గించరాదని మూడోది చెబుతుంది. సభ్యుల విషయంలో 27వ సవరణ అడ్డం వస్తుంది. తమ జీతాన్ని మార్చే చట్టం ఏదైనా తదుపరి ఎన్నికల తర్వాతే అమల్లోకి రావాలి. ఈ సవరణను జేమ్స్ మాడిసన్ 1789లో ప్రతిపాదిస్తే, ఆమోదం పొందింది 1992లో. మధ్యలో 203 ఏళ్లు అటకెక్కింది. 1982లో టెక్సస్‌లో ఒక కాలేజీ విద్యార్థి దాని మీద వ్యాసం రాస్తే సీ గ్రేడు వచ్చింది. ఆ కోపంతో రాష్ట్రాల శాసనసభలకు ఉత్తరాలు రాసి రాసి దాన్ని బతికించాడు. సభ్యులు తమ జీతం తామే పెంచుకోకుండా ఆపడానికి పుట్టిన సవరణ, షట్‌డౌన్ వేళ వాళ్ల జీతానికే కవచం కావడం చరిత్ర ఆడే ఆటల్లో ఒకటి.

పెద్ద షట్‌డౌన్లు ఏవి? ఎవరు గెలిచారు?

1995–96: ప్రతినిధుల సభ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ నాయకత్వంలో రిపబ్లికన్లు మెడికేర్ వంటి పథకాల ఖర్చు తగ్గించాలన్నారు. క్లింటన్ వీటో చేశారు. నవంబర్‌లో ఐదు రోజులు, డిసెంబర్ 16 నుంచి జనవరి 6 వరకు 21 రోజులు ప్రభుత్వం ఆగింది. ఇజ్రాయెల్ ప్రధాని రబిన్ అంత్యక్రియలకు వెళ్లి వస్తూ అధ్యక్షుడి విమానంలో తనను పట్టించుకోలేదని, వెనక మెట్ల నుంచి దింపారని, తన పట్టుదలకు అది కూడా ఒక కారణమని గింగ్రిచ్ విలేకరుల ముందు నోరు జారారు. మర్నాడు న్యూయార్క్ డైలీ న్యూస్ మొదటి పేజీలో ఆయన్ని ఏడుస్తున్న పసివాడిగా బొమ్మ వేసింది. అక్కడితో జనాభిప్రాయం అటు తిరిగింది. 1996లో క్లింటన్ మళ్లీ గెలిచారు.

2013: అక్టోబర్ 1 నుంచి 16 రోజులు. ఒబామా ఆరోగ్య బీమా చట్టానికి డబ్బు ఆపాలన్నది రిపబ్లికన్ల డిమాండ్. తమాషా ఏమిటంటే, ఆ బీమా అమ్మే వెబ్‌సైటు సరిగ్గా అదే అక్టోబర్ 1న తెరుచుకుంది. దాని నిధుల్లో ఎక్కువ భాగం ఏటా ఓటు అవసరం లేని పద్దు కింద ఉన్నాయి. దాన్ని ఆపడానికి ప్రభుత్వాన్ని ఆపితే, ప్రభుత్వం ఆగింది, అది ఆగలేదు.

2018–19: డిసెంబర్ 22 నుంచి జనవరి 25 వరకు 35 రోజులు. మెక్సికో సరిహద్దు గోడకు 570 కోట్ల డాలర్లు కావాలని ట్రంప్ పట్టుబట్టారు. ప్రభుత్వాన్ని మూయడం తనకు గర్వకారణమని అంతకుముందే కెమెరాల ముందు ప్రకటించారు. చివరికి కాంగ్రెస్ ఇచ్చింది సుమారు 137 కోట్లు. అది చాలక ఆయన జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించి వేరే పద్దుల నుంచి డబ్బు మళ్లించారు.

2025: అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 వరకు 43 రోజులు. పాత రికార్డు చెరిగిపోయింది. ఈసారి పట్టుబట్టింది డెమొక్రాట్లు: ఏడాది చివర్లో ముగిసిపోతున్న ఆరోగ్య బీమా అదనపు రాయితీలను పొడిగించాలి. చివరికి వాళ్ల వైపు నుంచి ఎనిమిది మంది సెనేటర్లు విడిపోయి రావడంతో సెనేట్‌లో 60–40తో బిల్లు గట్టెక్కింది. రాయితీల మీద డిసెంబర్‌లో ఓటింగ్ పెడతామన్న మాట మాత్రం దక్కింది. ఓటింగ్ పెట్టారు. 60 రాలేదు.

ఈ జాబితా చదివితే ఒకటి తెలుస్తుంది. షట్‌డౌన్ పెట్టి డిమాండ్ సాధించుకున్నవాళ్లు ఇందులో లేరు. ఓడినా కార్యకర్తల దగ్గర పోరాడాం అనిపించుకోవచ్చు. బహుశా అందుకే మళ్లీ మళ్లీ దిగుతారు.

అయితే చివరికి ఎలా ముగుస్తుంది?

తరచుగా విమానాశ్రయంలో. 2019 జనవరి 25 ఉదయం కొద్దిమంది కంట్రోలర్లు అనారోగ్యం అని రాకపోవడంతో న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయానికి వచ్చే విమానాలను కాసేపు ఆపారు. 34 రోజులు కుదరని రాజీ ఆ సాయంత్రానికి కుదిరింది. ఫెడరల్ ఉద్యోగులు సమ్మె చేయడం చట్టవిరుద్ధం. జ్వరం రావడం కాదు. 2025 నవంబర్‌లో కూడా 40 పెద్ద విమానాశ్రయాల్లో విమానాల సంఖ్య తగ్గించాలని ఆదేశించిన కొద్ది రోజులకే సెనేట్ కదిలింది.

అదే నెలలో దాదాపు 4 కోట్ల 20 లక్షల మంది పేదలకు అందే ఆహార సాయం స్నాప్ ఆగింది. అత్యవసర నిధి వాడాలా వద్దా అన్న గొడవ జిల్లా కోర్టుల నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కిరాణా కార్డులో డబ్బు పడుతుందో లేదో తెలియని ఆ రోజుల కంటే విమానాల ఆలస్యమే టీవీల్లో ఎక్కువ కనిపించింది.

మావాళ్లు అమెరికాలో ఉన్నారు. హెచ్1బీ, గ్రీన్‌కార్డు పనులు ఆగుతాయా?

కొన్ని ఆగుతాయి, అదీ ఏ శాఖకు నిధులు లేవన్నదాన్ని బట్టి. ఇమ్మిగ్రేషన్ సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ దరఖాస్తుదారుల ఫీజులతో నడుస్తుంది కాబట్టి పని కొనసాగిస్తుంది. కాన్సులేట్లు కూడా ఎక్కువగా వీసా ఫీజుల మీదే నడుస్తాయి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూ ఉన్నవారు షట్‌డౌన్ అనగానే ప్రయాణం మానుకోనక్కర్లేదు, కాన్సులేట్ ప్రకటన చూసుకుంటే సరి.

ఇబ్బంది కార్మిక శాఖ దగ్గర. హెచ్1బీ పిటిషన్ వేయాలంటే ముందు ఆ శాఖ ఎల్‌సీఏ అనే ధ్రువీకరణ ఇవ్వాలి. గ్రీన్‌కార్డుకు అదే శాఖ ఇచ్చే పెర్మ్ అనే ధ్రువీకరణ కావాలి. రెండూ ఏటా ఓటు వేసే నిధుల మీద ఆధారపడ్డవే. 2025 అక్టోబర్‌లో ఆ వెబ్‌సైటే మూతపడింది, నెలాఖరున మళ్లీ తెరిచారు. ఆ మధ్యలో కంపెనీ మారాల్సినవాళ్లు, పనిచేసే ఊరు మారాల్సినవాళ్లు, గడువు పొడిగించుకోవాల్సినవాళ్లు ఇరుక్కున్నారు. షట్‌డౌన్ వల్ల ఆలస్యమైతే దాన్ని అసాధారణ పరిస్థితిగా పరిగణిస్తామని యూఎస్‌సీఐఎస్ ప్రకటించింది, కానీ ఎవరి దరఖాస్తుకు వారే రుజువులు చూపుకోవాలి. 2018–19లో మాత్రం కార్మిక శాఖ నిధులు ముందే పాస్ అయ్యాయి కాబట్టి 35 రోజులూ ఎల్‌సీఏలు వచ్చాయి. గడువు దగ్గరపడుతున్నవారు సెప్టెంబర్ ముగిసేలోపే ఎల్‌సీఏ చేతికి వచ్చేలా కంపెనీ లాయర్‌ను తొందరపెట్టడం మంచిది.

రుణ పరిమితి గొడవ కూడా ఇదేనా?

కాదు. షట్‌డౌన్‌లో కొత్తగా ఖర్చుపెట్టే అనుమతి ఉండదు. రుణ పరిమితి దగ్గర, ఇప్పటికే ఒప్పుకున్న ఖర్చులు తీర్చడానికి అప్పు తెచ్చే అనుమతి ఉండదు. రెండోది చాలా ప్రమాదకరం. దేశం బాకీ ఎగవేసినట్టు అవుతుంది. రాజ్యాంగం 14వ సవరణలో ప్రభుత్వ రుణం చెల్లుబాటును ప్రశ్నించరాదన్న వాక్యం ఉంది. దాని ఆధారంగా రుణ పరిమితే చెల్లదన్న వాదన ఉన్నా, ఏ అధ్యక్షుడూ దాన్ని పరీక్షకు పెట్టే సాహసం చేయలేదు.

మూస్తే డబ్బు ఆదా అవుతుందా?

అవదు. 2013, 2018, 2019 షట్‌డౌన్ల వల్ల దాదాపు 400 కోట్ల డాలర్లు వృథా అయ్యాయని సెనేట్ ఉపసంఘం ఒకటి లెక్కగట్టింది. అందులో 370 కోట్లు ఇంట్లో కూర్చోబెట్టిన రోజులకు ఇచ్చిన జీతాలే. 35 రోజుల షట్‌డౌన్ వల్ల ఆర్థిక వ్యవస్థకు 1,100 కోట్ల డాలర్ల నష్టం వచ్చిందని, అందులో 300 కోట్లు ఎప్పటికీ తిరిగిరావని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది.

మన దేశంలో ఇలా జరగదా?

మన రాజ్యాంగంలోనూ అదే తాళం ఉంది. 114వ అధికరణం ప్రకారం చట్టం లేకుండా సంచిత నిధి నుంచి పైసా తీయకూడదు. అయితే మనవాళ్లు తాళంతోపాటు మారు తాళంచెవులు కూడా చేయించిపెట్టుకున్నారు. బడ్జెట్ పూర్తికాకపోతే కొంతకాలం ఖర్చుకు తాత్కాలిక అనుమతి ఇచ్చే ఓట్ ఆన్ అకౌంట్, ఊహించని ఖర్చుకు ఆగంతుక నిధి, సభలు లేనప్పుడు ఆర్డినెన్స్. రాజ్యసభ ద్రవ్య బిల్లును 14 రోజులకు మించి ఆపలేదు. అన్నిటికంటే ముఖ్యం, లోక్‌సభలో ద్రవ్య బిల్లు ఓడితే ప్రభుత్వమే దిగిపోవాలి. అమెరికాలో అధ్యక్షుడు నాలుగేళ్లూ ఉంటాడు, కాంగ్రెస్ తన గడువు తాను ఉంటుంది. ఎవరూ దిగిపోరు కాబట్టి ఎవరూ తగ్గరు.

కానీ అసలు దగ్గరకే రాలేదని అనుకోవద్దు. 2020 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది చూడండి. కరోనా వల్ల మార్చిలో బడ్జెట్ పెట్టలేక మూడు నెలలకు ఆర్డినెన్స్ తెచ్చారు. అది జూన్ 30తో ముగుస్తుంది. జూన్ 17న ద్రవ్య వినిమయ బిల్లు శాసనసభలో పాస్ అయింది. శాసనమండలిలో అప్పటికి తెలుగుదేశానిది మెజారిటీ. రాజధాని బిల్లుల మీద గొడవ ముదిరి, ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదించకుండానే మండలి నిరవధికంగా వాయిదా పడింది. 198వ అధికరణం ప్రకారం 14 రోజులు గడిస్తే బిల్లు పాస్ అయినట్టే. కానీ ఆ 14 రోజులు పూర్తయ్యేలోపే నెల మారింది. జూలై 1న లక్షలాది ఉద్యోగులు, పింఛనుదారుల ఖాతాల్లో డబ్బు పడలేదు. గవర్నర్ ఆమోదం పడ్డాక ఒకటి రెండు రోజుల్లో చెల్లింపులు మొదలయ్యాయి. ఆఫీసులు మూయలేదు, పని ఆగలేదు. రాజ్యాంగంలో ఆ 14 రోజుల గడువు రాసి లేకపోతే ఆ గొడవ ఎన్నాళ్లు సాగేదో ఆలోచించుకోవచ్చు.

వేరే దేశాల్లో?

1975లో ఆస్ట్రేలియాలో ఎగువ సభ నిధుల బిల్లులు ఆపింది. నవంబర్ 11న గవర్నర్ జనరల్ జాన్ కెర్ ప్రధాని గాఫ్ విట్లమ్‌ను పదవి నుంచి తొలగించి ప్రతిపక్ష నేత మాల్కం ఫ్రేజర్‌ను కూర్చోబెట్టారు. ఆ మధ్యాహ్నమే బిల్లులు పాస్ అయ్యాయి, డిసెంబర్‌లో ఎన్నికలు జరిగాయి. ఆ తొలగింపు న్యాయమా కాదా అని ఆస్ట్రేలియన్లు ఇప్పటికీ కొట్లాడుకుంటారు. ఆఫీసులు మాత్రం మూతపడలేదు.

అమెరికాలో దీన్ని ఆపే మార్గం లేదా?

ఉంది, రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు. గడువులోగా బిల్లు పాస్ కాకపోతే పాత ఏడాది స్థాయిలోనే నిధులు వాటంతటవే కొనసాగుతాయని ఒక మామూలు చట్టం చేస్తే చాలు. విస్కాన్సిన్ రాష్ట్రంలో చాలాకాలంగా అలాగే నడుస్తోంది. కాంగ్రెస్‌లోనూ ఇలాంటి బిల్లులు ఇరు పార్టీల నుంచీ వచ్చాయి, ఏదీ చట్టం కాలేదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. పాత నిధులు వాటంతటవే కొనసాగితే కొత్త బడ్జెట్ కోసం కూర్చుని మాట్లాడుకునే ఒత్తిడి పోతుంది. అవసరం తీరిన పథకాలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి, కొత్త అవసరాలకు డబ్బు దొరకదు. కేటాయింపుల కమిటీల్లో కూర్చున్న సీనియర్ సభ్యులకు ఇంకో భయం కూడా ఉంటుంది. గడువు అనేది లేకపోతే తమ మాట ఎవరు వింటారు? నా లెక్కలో మాత్రం, జీతం లేకుండా రాడార్ ముందు కూర్చునే కంట్రోలర్ మీద పెట్టే ఒత్తిడి కంటే పాత బడ్జెట్‌తో ఇంకో ఏడాది నెట్టుకురావడం తక్కువ నష్టం.